కింది దవడ ఇంప్లాంట్లకు వాడే స్థానిక మత్తుమందులు

ఊడిన పన్ను చోట ఎముకలో టైటానియం మరను బిగించే ఇంప్లాంట్ శస్త్రచికిత్సకు చాలావరకు స్థానిక మత్తు సరిపోతుంది. పై దవడ ఎముక పలచన కాబట్టి చిగురు పక్కన సూది వేసినా మందు లోపలికి ఇంకుతుంది. కింది దవడలో దవడపళ్ల దగ్గర ఎముక పైపొర మందంగా, గట్టిగా ఉండడం వల్ల అలా ఇంకడం కష్టం. అందుకే నరం దవడలోకి ప్రవేశించే చోటే మందిచ్చే నరాల బ్లాక్ ఇక్కడ ఆనవాయితీ అయింది.

మన దేశంలో ఎక్కువగా వాడేది లిగ్నోకెయిన్. దీన్ని స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్, బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ 1943లో తయారుచేశారు. 2 శాతం ద్రావణంలో 1:80,000 పాళ్లలో అడ్రినలిన్ కలుపుతారు. అది రక్తనాళాలను ముడుచుకునేలా చేసి మందును అక్కడే నిలుపుతుంది, రక్తస్రావాన్నీ తగ్గిస్తుంది. జర్మనీలో 1976లో వాడుకలోకి వచ్చిన ఆర్టికెయిన్ 4 శాతం ద్రావణం. దీని అణువులోని థయోఫీన్ వలయం వల్ల ఇది కొవ్వులో బాగా కరుగుతుంది. రక్తంలోని ఎంజైములే దీన్ని చాలావరకు విరిచేస్తాయి కాబట్టి లిగ్నోకెయిన్ కంటే త్వరగా నిర్వీర్యమవుతుంది.

చిగురు పక్కన ఇచ్చినప్పుడు కింది దవడపళ్లను మొద్దుబార్చడంలో ఆర్టికెయిన్‌దే పైచేయి. బ్లాక్‌గా ఇస్తే తేడా స్వల్పం. అయితే ఈ తేడాలను తేల్చిన పరీక్షల్లో చాలావాటిలో కొలిచింది పంటి గుజ్జు స్పందనను. ఇంప్లాంట్ వేసే చోట పన్నే ఉండదు. మొద్దుబారాల్సినవి చిగురు, ఎముక మీది పొర, ఎముక. కాబట్టి ఆ ఫలితాలను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోకూడదు.

బ్లాక్ లేకుండా చిగురు పక్కనే మందిస్తే, డ్రిల్ దవడ ఎముకలో నరం సాగే కాలువను సమీపించగానే రోగి నొప్పి చెబుతారని కొందరు సర్జన్ల వాదన. దీన్ని నమ్ముకోవడం ప్రమాదం. మందు కాలువ దాకా ఇంకితే ఆ హెచ్చరిక రాదు, బాగా ఇంకడమే ఆర్టికెయిన్ గుణం. సీబీసీటీ (దవడను త్రీడీలో చూపే ఎక్స్‌రే) స్కాన్‌లో కొలిచి కాలువకు పైన 2 మిల్లీమీటర్ల ఎడం వదలడమే అసలు రక్షణ.

బుపివకెయిన్ (0.5 శాతం) నెమ్మదిగా పనిచేయడం మొదలుపెట్టినా గంటల తరబడి నిలుస్తుంది, ఆపరేషన్ తర్వాతి నొప్పిని తగ్గిస్తుంది. కానీ పెదవి తిమ్మిరి ఎంతకీ వదలకపోతే, అది మందు ప్రభావమా, నరానికి దెబ్బ తగిలిందా అన్నది ఆలస్యంగా గానీ తేలదు. నరం నలిగితే ఇంప్లాంట్‌ను తొలి ఒకటి రెండు రోజుల్లోనే తీయాల్సి రావచ్చు. అందుకే కాలువకు పైన ఎముక ఎత్తు తక్కువున్న చోట దీనికి బదులు లిగ్నోకెయిన్ మేలు.

4 శాతం ద్రావణాల తర్వాత నాలుక, పెదవి తిమ్మిరి ఎక్కువ కాలం నిలిచిన కేసులు నమోదయ్యాయి. కారణం గాఢతా, సూది గాయమా అన్నది తేలలేదు. అడ్రినలిన్‌తో కలిపినప్పుడు లిగ్నోకెయిన్, ఆర్టికెయిన్ రెండింటికీ సాధారణంగా పాటించే పరిమితి కిలో బరువుకు 7 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 420 మిల్లీగ్రాములు, అంటే 1.7 మి.లీ. ఆర్టికెయిన్ కార్ట్రిడ్జులు ఆరు, 1.8 మి.లీ. లిగ్నోకెయిన్‌వైతే పదకొండు. తీవ్రమైన గుండెజబ్బు ఉంటే అడ్రినలిన్‌ను 40 మైక్రోగ్రాములకు మించనివ్వరు, 1:80,000 ద్రావణంలో అది 3.2 మి.లీ.కే పూర్తవుతుంది.