దేవిడీ వాటా నుండి అవిభక్త వాటా దాకా

హైదరాబాదులో ఒక కుటుంబం ఎక్కడ నివసించాలన్నది కేవలం ఆ కుటుంబం ఇష్టాన్ని బట్టి తేలిన సందర్భాలు తక్కువ. ఆశ్రయమిచ్చిన ప్రభువు, అద్దెకిచ్చిన బోర్డు, ఉద్యోగమిచ్చిన కర్మాగారం, స్థలం కేటాయించిన సహకార సంఘం, వీటిలో ఏదో ఒకటి ముందే గీసిన హద్దుల లోపలే ఆ ఎంపిక చాలాకాలం జరిగింది.

1591లో వెలసిన నగరంలో, ముఖ్యంగా అసఫ్ జాహీల కాలానికి, ఈ ఆశ్రయానికి కేంద్రం దేవిడీ. నిజాము కొలువులోని ఉమరావులు, అంటే పెద్ద జాగీర్దార్లు, నివసించిన విశాలమైన ప్రహరీ గల భవన సముదాయాన్ని దేవిడీ అనేవారు. అందులో పురుషులు కొలువుదీరే మర్దానా ఒకవైపు, స్త్రీలుండే జనానా మరొకవైపు ఉండగా, నౌకర్లు, గుమాస్తాలు, వంటవారు, పహరావారు లోపలనో, గోడనానుకొనో కాపురముండేవారు. వీధి ముఖాన దుకాణపు గదులు, అంటే మల్గీలు, అద్దెకు నడిచేవి. ధనికుడూ పేదవాడూ ఒకే గల్లీలో బతికారని ఆ కాలాన్ని మెచ్చుకోవడం పరిపాటి. ఆ మాట నిజమే కాని, ఆ పొరుగుతనం యజమానికీ నౌకరుకూ మధ్యది; దానిని సమానుల మధ్య ఇరుగుపొరుగుగా చదవడం పొరపాటు.

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద వేలాదిమందిని పొట్టన పెట్టుకొని, నదికి ఇరువైపులా ఇళ్లను తుడిచిపెట్టింది. ఆ గాయం మానకముందే 1911లో ప్లేగు వ్యాపించడంతో, ఇరుకు బస్తీలలో గాలీ వెలుతురూ మురుగునీటి పారుదలా లేకపోవడం పాలకులు వాయిదా వేయలేని విషయమయింది. వరదను అదుపు చేయడానికి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల నిర్మాణం ఎంత ముఖ్యమో, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు అంత ముఖ్యమైనది. అయితే జలాశయాలకు వచ్చిన కీర్తి దీనికి రాలేదు. నాంపల్లి, సుల్తాన్‌షాహీ వంటి చోట్ల కిక్కిరిసిన బస్తీలను తొలగించి, రోడ్లు తీర్చి, కొత్త ఇళ్లు కట్టి అద్దెకివ్వడం ఈ బోర్డు పని. అద్దె కట్టగల స్తోమతను బట్టి ఇళ్లను తరగతులుగా విభజించడం దీని పద్ధతి కనుక, ఒక వరుసలో ఒకే స్థాయి జీతగాళ్లు చేరారు. నగరంలో ఇరుగుపొరుగు అన్న మాటకు రాబడి కొలబద్ద కావడం ఇక్కడే మొదలయింది.

బోర్డు పని సాగుతుండగానే, 1930లలో, నిజాము ప్రభుత్వంలో ఉన్నతాధికారి అయిన మెహదీ నవాజ్ జంగ్ నగరానికి పడమట ఉన్న రాతిగుట్టల మీద బండలను తొలగించకుండానే ఇల్లు కట్టుకొని, అక్కడ తండాలలో ఉండే లంబాడీల, అంటే బంజారాల, పేరు మీదుగా ఆ చోటికి బంజారాహిల్స్ అన్న పేరు తెచ్చాడు. పేరు నిలిచింది, తండాలు నిలువలేదు.

1949లో జాగీర్దారీ రద్దయిన తరువాత దేవిడీలను పోషించిన రాబడి ఆగిపోయి, అవి వారసుల మధ్య ముక్కలై అమ్ముడుపోసాగాయి. 1956లో హైదరాబాదు ఆంధ్రప్రదేశ్ రాజధాని కావడంతో కర్నూలు నుండి ప్రభుత్వ కార్యాలయాలూ, వాటి వెంట ఉద్యోగుల కుటుంబాలూ తరలివచ్చాయి. చిక్కడపల్లి, హిమాయత్‌నగర్, మలక్‌పేట వంటి చోట్ల ఇంటి యజమాని ఒక భాగంలో ఉండి మిగిలిన గదులను వాటాలుగా అద్దెకివ్వడం మధ్యతరగతి జీవనానికి ఆధారమయింది. వాటా అంటే ఇక్కడ ఒకే కప్పు కింద వేరు వంటగదితో ఉండే భాగం. నీళ్ల కుళాయి, పెరడు, వీధి తలుపు మాత్రం అందరికీ ఉమ్మడి.

అద్దె వాటా నుండి సొంత స్థలానికి దారి చూపింది సహకార గృహనిర్మాణ సంఘం. సభ్యులు వాటాధనం చెల్లించి సంఘాన్ని రిజిస్టరు చేయించుకొని, నగరం అంచున వ్యవసాయ భూమి కొని, రోడ్లకూ పార్కుకూ చోటు వదిలి పటం, అంటే లేఅవుట్, మంజూరు చేయించుకొని, గజాల లెక్కన ప్లాట్లు పంచుకొనేవారు. సంఘానికి పునాది తరచు ఒకే కార్యాలయం లేదా ఒకే వృత్తి. సైనికోద్యోగులకు సైనిక్‌పురి, ఈసీఐఎల్ ఉద్యోగులకు ఆ సంస్థ వ్యవస్థాపకుడి పేరనే ఏ.ఎస్. రావు నగర్, ఇంకా ఎన్జీఓల, అంటే నాన్-గెజిటెడ్ ఉద్యోగుల, కాలనీలు, బ్యాంకు కాలనీలు ఇలా వెలసినవే. 1960లలో మొదలయిన జూబ్లీహిల్స్ కూడా పుట్టుకలో ఒక సహకార సంఘమే అన్న సంగతి నేటి ధరలు చూసేవారికి నమ్మశక్యంగా ఉండదు. పల్లెల్లో కాలనీ అంటే సర్కారు బలహీనవర్గాలకు కట్టించిన ఇళ్ల వరుస అన్న అర్థం స్థిరపడగా, రాజధానిలో అదే మాట ఉద్యోగి ప్రతిష్ఠకు గుర్తయింది. పగలు ఒకే కార్యాలయంలో పనిచేసినవారు సాయంత్రం ఒకే పార్కులో కలుసుకొనే ఈ కాలనీలలో సహాయం సులువుగా దొరికేది. ఆఫీసు హోదా ఇంటిదాకా వెంటపడేది కూడా.

సంఘంలో చేరలేనివారికి రాష్ట్ర ప్రభుత్వ హౌసింగ్ బోర్డు మిగిలింది. ముంబై రహదారి పక్కన కూకట్‌పల్లిలో అది వేసిన కాలనీ, జనం నోట కేపీహెచ్‌బీ, ఫేజులుగా విస్తరించి, అల్ప, మధ్య, అధిక ఆదాయ వర్గాల ఇళ్లను ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అన్న అక్షరాలతో గుర్తించింది. జీతపు తరగతి నేరుగా చిరునామాలోకి ఎక్కడం ఇక్కడి విశేషం. బోర్డు కట్టిన చిన్న ఇళ్లు చాలావరకు తరువాత మేడలై, హాస్టళ్లుగా మారినా ఆ అక్షరాలు మాత్రం పోలేదు.

1976 నాటి పట్టణ భూపరిమితి చట్టం హైదరాబాదులో ఒకరికి ఉండదగిన ఖాళీస్థలాన్ని 1,000 చదరపు మీటర్లకు, అంటే సుమారు 1,196 గజాలకు, పరిమితం చేసింది. దానికి తోడు నగరం నడుమ స్థలం ధర పెరగడంతో బంగళాలు కూలి, వాటి స్థానంలో అపార్టుమెంట్లు లేవసాగాయి. వాటి నిర్మాణాన్నీ యాజమాన్యాన్నీ క్రమబద్ధం చేయడానికి 1987లో రాష్ట్రం ప్రత్యేక చట్టం తెచ్చింది. ఫ్లాటు కొన్నవారికి గదులతోపాటు నేలలో దక్కేది అవిభక్త వాటా, అంటే హద్దులు గీసి విడదీయలేని కొన్ని గజాలు. దేవిడీ, బంగళా విరిగి అద్దె వాటాలయితే, ఆ వాటాలే చివరికి దస్తావేజులోని అంకెగా మిగిలాయి. 1998లో ఐటీ కార్యాలయాల భవనం సైబర్ టవర్స్ ప్రారంభమై, అటుపై 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చాక కొండాపూర్, గచ్చిబౌలి వంటి గ్రామాలు గేటెడ్ సముదాయాలయ్యాయి. వీటిలో పొరుగువారిని కలిపేది ఉద్యోగసంస్థ కాదు, నెలవారీ నిర్వహణ రుసుము.

ఈ మార్పుల చరిత్రకు ఆధారం రాజపత్రాలకన్నా సహకార సంఘాల తీర్మానాల పుస్తకాలలో, సభ్యుల జాబితాలలో, చేతితో గీసిన లేఅవుట్ పటాలలో ఎక్కువగా ఉంది. అవి పాత కాలనీల సంఘ కార్యాలయాల బీరువాలలో చెదలు పడుతున్నాయి. వాటిని పారవేయక ముందే గ్రంథాలయాలకో, విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలకో అప్పగించవలసిన బాధ్యత ఆ కాలనీల సంఘాలదే.