వాలుగోపురము నేర్పు పాఠము

తెలుక్ ఇంటాన్ పట్టణమునకు 1982వ సంవత్సరమువఱకు తెలుక్ ఆన్సన్ అని పేరు. ఆ పట్టణమునందలి వాలుగోపురమును 1885లో లియాంగ్ చూన్ చియాంగ్ అను చీనా గుత్తేదారు కట్టించెను. పైనున్న గడియారమును చూచువారు దాని లోపలి నీటితొట్టిని మఱతురు. వానలులేని దినములలోను, ఇండ్లు అంటుకొన్నప్పుడును నీరు దొరకవలెనని ఆ తొట్టి నిర్మింపబడెను. మెత్తని నేల బరువు మోయజాలనందున గోపురము ప్రక్కకు వాలెను.

ఐగుప్తులో యోసేపు పంటలు పండిన యేడేండ్లలో ధాన్యము కూర్చి, కఱవునుండి జనులను కాపాడెను. ఈ తొట్టియు నట్టి ముందుచూపే. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుట వ్యర్థము గదా!

అయితే యీ సీమకు నిప్పుకంటె నీటి భయమే యెక్కువ. 1926 డిసెంబరులోను, మరల 1967 జనవరిలోను పేరాక్ నది పొంగి పల్లపునేలలను ముంచెను. దిగువ పేరాక్ కొబ్బరితోటలకు పనికై వచ్చిన తెలుగువారు కాపురముండినదియు నట్టి పల్లపునేలయందే. వఱదను ఏ తొట్టియు పట్టజాలదు. దానికి తగిన యేర్పాటు ప్రతి యింటను జరుగవలెను.

ఈశాన్యపు వానలు నవంబరు మొదలు కురియును. అంతకుముందే బియ్యమును, ముఖ్యమైన కాగితములను అటకమీద నుంచుడి. మెఱకకు పోవు దారిని పిల్లలకు చూపుడి. ముసలివారిని, రోగులను ఎవరు తోడ్కొనిపోవలెనో నిర్ణయించుకొనుడి. నీరు గడప తాకిన తరువాత ఆలోచించుటకు వేళ యుండదు.