ఇసిస్ ముడి తాయెత్తు: గ్రంథ విధి, సమాధుల సాక్ష్యం

ప్రవేశిక

ప్రాచీన ఈజిప్టు వాసులు మృతదేహానికి చుట్టిన వస్త్రపు పొరల నడుమ అనేక తాయెత్తులను ఉంచేవారు. ఫ్లిండర్స్ పెట్రీ 1914లో వెలువరించిన గ్రంథంలో వీటిని 275 రకాలుగా వర్గీకరించాడు. వాటిలో ‘టియెట్’ అనే ఇసిస్ ముడి ఒకటి. పైన ఉచ్చు, ఇరుపక్కలా కిందికి వాలిన మడతలు, మధ్యలో వేలాడే పట్టీ గల ఈ రూపం ముడివేసిన వస్త్రాన్ని పోలి ఉంటుంది. దీనికి గ్రంథం విధించిన ద్రవ్యానికీ, సమాధులలో లభించిన ద్రవ్యాలకూ గల అంతరాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గ్రంథ విధి

‘మృతుల గ్రంథం’లోని 156వ మంత్రం ఈ తాయెత్తుకు సంబంధించినది. ఇసిస్ దేవత రక్తాన్నీ, మంత్రశక్తినీ పేర్కొంటూ అది మృతునికి రక్షణ కోరుతుంది. మంత్రంతోపాటు ప్రయోగవిధి కూడా ఉంది. ఎర్ర జాస్పర్ రాతితో చేసిన ముడిని ఒక మొక్క రసంతో తడిపి, అంత్యక్రియల నాడు మృతుని కంఠం వద్ద ఉంచాలి. ఇక్కడ ఎరుపు అలంకారం కోసం ఎంచుకున్నది కాదు, దేవత రక్తానికి సంకేతం. 1925లో టుటన్‌ఖామున్ మమ్మీ కట్లు విప్పినప్పుడు కంఠభాగంలో ఎర్ర జాస్పర్ ముడి కనిపించింది. రాజసమాధిలో విధి అక్షరాలా పాటించబడింది.

సమాధుల సాక్ష్యం

జాస్పర్ దాదాపు స్ఫటికమంత కఠినమైన రాయి. రాగి, కంచు పనిముట్ల అంచుకు అది లొంగదు. గరుకు పొడితో ఓపికగా అరగదీసి రూపం తేవాలి. అందువల్ల ప్రతి ముడికీ దీర్ఘ శ్రమ అవసరమయ్యేది. అయితే కార్నీలియన్, ఎర్ర గాజు, ఫయాన్స్‌లతో చేసిన ముడులు కూడా లభించాయి. స్ఫటికపు పొడి ముద్దను అచ్చులో ఒత్తి కాల్చితే మెరుగు తేలే ఫయాన్స్‌తో, ఒకే అచ్చు నుంచి అనేక ప్రతులు తీయవచ్చు.

కార్నీలియన్, ఎర్ర గాజు రాతిని మార్చినా రంగును నిలుపుకున్నాయి. నీలి, ఆకుపచ్చ ఫయాన్స్ ముడులు రంగును కూడా విడిచిపెట్టాయి. వీటిని కేవలం చౌకబారు అనుకరణలనడం సరికాదు. ఈజిప్టు సంప్రదాయంలో ఆకుపచ్చ వర్ణం చిగురుకూ, పునర్జన్మకూ సంకేతం. రక్తానికి బదులు పునరుజ్జీవనం అనే మరో అర్థానికి ఆ ముడులు చోటిచ్చాయి.

ముగింపు

మంత్రపాఠాన్ని మాత్రమే ఆధారం చేసుకుంటే ఇసిస్ ముడి అంటే ఎర్ర రాయి అన్న నిర్ణయానికి రావలసి ఉంటుంది. వస్తుసాక్ష్యం ఆ నిర్ణయాన్ని సవరిస్తుంది. రాయి మారింది, కొన్నిచోట్ల రంగూ మారింది, ముడి ఆకారం మాత్రం నిలిచింది. కాబట్టి అంత్యక్రియా గ్రంథాల విధులను ఆచారానికి యథాతథ చిత్రాలుగా గాక, ఆచారం కొలుచుకున్న ఆదర్శాలుగా గ్రహించడం సమంజసం.