టెక్కలి నీలి గ్రానైట్

టెక్కలి నీలి గ్రానైట్ ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలోని శ్రీకాకుళం జిల్లా, టెక్కలి పరిసర ప్రాంతాలలో లభించే అలంకరణ శిల. వ్యాపారంలో దీనిని టెక్కలి బ్లూ, శ్రీకాకుళం బ్లూ, వైజాగ్ బ్లూ అనే పేర్లతో వ్యవహరిస్తారు. నీలి బూడిద వన్నె మీద అలల వలె సాగే ముదురు, లేత చారలు దీని ప్రత్యేకత. పోలండ్ వంటి ఐరోపా దేశాలలో ఇది సమాధి ఫలకాలకు పేరు పొందినది. కార్యాలయాలు, బ్యాంకులు, హోటళ్ళు, దుకాణాల వంటి వాణిజ్య భవనాల లోపలి అలంకరణలో నేల పరుపుగాను, గోడ తాపడంగాను, కౌంటర్లకు, బల్లలకు పైపలకగాను దీనిని వాడతారు.

శిల స్వభావం

టెక్కలి ప్రాంతం తూర్పు కనుమల శిలా మండలంలోనిది. ఖోండలైట్, చార్నొకైట్, మిగ్మటైట్ ఈ మండలంలో కనిపించే ప్రధాన శిలలు. భూగర్భంలో అధిక వేడికి, ఒత్తిడికి లోనై రూపాంతరం చెందినందువలన వీటిలోని ఖనిజాలు పొరలు పొరలుగా సర్దుకొని చారలు ఏర్పడినాయి. భూవిజ్ఞాన శాస్త్రం ప్రకారం ఇటువంటి చారల రాళ్ళలో అనేకం నైస్, మిగ్మటైట్ తరగతులకు చెందుతాయి. అయితే మెరుగు పట్టే గట్టి రాళ్ళన్నింటినీ వ్యాపారులు గ్రానైట్ అనే పిలవడం ఆనవాయితీ. ఒకే క్వారీలో తీసిన రెండు దిమ్మెలలో కూడా చారల తీరు ఒకటిగా ఉండదు. అందువలన పెద్ద నేలకు గాని, పొడవైన కౌంటరుకు గాని కావలసిన పలకలన్నింటినీ ఒకే దిమ్మె నుండి వరుసగా కోయించి, వాటిపై సంఖ్యలు వేయించి తెప్పించుకొంటారు.

వెలికితీత, తయారీ

టెక్కలి, నందిగాం, మెళియాపుట్టి, కోటబొమ్మాళి మండలాలలో ఈ రాతి క్వారీలు ఉన్నాయి. గ్రానైట్ చట్టరీత్యా చిన్న తరహా ఖనిజం. దీని తవ్వకాలు 1957 నాటి గనులు, ఖనిజాల చట్టానికి, 1966 నాటి ఆంధ్ర ప్రదేశ్ చిన్న తరహా ఖనిజాల నియమాలకు లోబడి జరుగుతాయి. క్వారీలో వజ్రపు పూసలు గుచ్చిన తీగ రంపంతో కొండ నుండి పెద్ద దిమ్మెలను వేరు చేస్తారు. ఘనపు మీటరు రాయి సుమారు 2.7 టన్నులు తూగుతుంది. దిమ్మెలను కర్మాగారంలో పలకలుగా కోసి, మెరుగు పెడతారు.

దిమ్మెను యథాతథంగా ఎగుమతి చేస్తే కోత, మెరుగు, అంచుల చెక్కడం వంటి పనుల కూలి, లాభం దిగుమతి చేసుకొన్న చోటికే చేరుతాయి. పలకగానో, తయారైన బల్లగానో పంపితే ఆ పని స్థానికంగా మిగులుతుంది. టెక్కలి పరిసరాలలోని కోత, మెరుగు యూనిట్ల ప్రాధాన్యత ఇందులోనే ఉన్నది.

కార్యాలయాలలో వాడుక

సందర్శకులను పలకరించే కౌంటరు, లిఫ్టు ద్వారాల చుట్టూ గోడ తాపడం, మెట్లు, సమావేశపు బల్ల, టీ గది గట్టు ఈ రాతికి తగిన చోట్లు. రాకపోకలు అధికంగా ఉండే నేల మీద ఇది త్వరగా అరగదు.

దీనికి ఉన్న ముఖ్యమైన పరిమితి బరువు. 20 మిల్లీమీటర్ల మందం గల పలక చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు తూగుతుంది. అనగా 10 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గల కౌంటరు పైపలక ఒక్కటే 100 కిలోలు ఉంటుంది. దీనికి ఉక్కు చట్రం గాని, ఇటుక గోడ గాని ఆధారంగా ఉండాలి. 20 మి.మీ. పలకను ఆధారం లేకుండా సుమారు 15 సెంటీమీటర్లకు మించి, 30 మి.మీ. పలకను 25 సెంటీమీటర్లకు మించి ముందుకు చాచరాదు. తరచుగా స్థలం మార్చవలసిన ఉద్యోగుల బల్లలకు ఈ బరువు అనుకూలం కాదు. 1968లో అమెరికాలో హెర్మన్ మిల్లర్ సంస్థ విడుదల చేసిన విడిభాగాల కార్యాలయ సామగ్రి తరువాత కదిలించగల బల్లలు, అడ్డుతెరలు ప్రపంచమంతటా వ్యాపించాయి. అటువంటి కార్యాలయాలలో రాయి కదలని చోట్లకే పరిమితమైనది.

మెరుగు రకాలు

చాలాకాలం అద్దం వంటి మెరుగుకే గిరాకీ ఉండేది. ఇటీవలి అలంకరణలో కాంతిని తిరగగొట్టని మందమైన మెరుగు, చేతికి తోలు వలె తగిలే లెదర్ మెరుగు ఎక్కువగా కనిపిస్తున్నాయి. దీపాల వెలుగు కంటిలో పడకపోవడం, వేలిముద్రలు అంతగా కనిపించకపోవడం వీటి ప్రయోజనాలు. మంటతో కాల్చి గరుకు చేసిన పలకలు కాలు జారనివ్వవు కనుక ప్రవేశ ద్వారాలకు, బయటి మెట్లకు వాడతారు. లెదర్ మెరుగు పలకపై టీ, నూనె, పసుపు మరకలు నిలవకుండా సీలరు పూయాలి. ఆమ్లంతో కడిగితే రాతిలోని ఇనుప ఖనిజాలు తుప్పు పట్టి పసుపు మచ్చలు ఏర్పడవచ్చును.

పోటీ సామగ్రి

విట్రిఫైడ్ టైల్స్, లామినేట్, క్వార్ట్జ్ పొడిని రెసిన్‌తో కలిపి అచ్చు వేసిన కృత్రిమ శిల ఈ రాతికి పోటీగా ఉన్నాయి. కృత్రిమ శిల రంగు అన్ని పలకలలోను ఒకే విధంగా ఉంటుంది. కనుక అనేక నగరాలలో ఒకే రూపంతో శాఖలు తెరిచే సంస్థలు దానిని ఎంచుకొంటాయి. సహజ శిలలో ఆ ఏకరూపత ఉండదు. ఏ పలకకు ఆ పలక వేరుగా ఉండడమే దీనిని కోరేవారికి ఆకర్షణ.

ధూళి, ఆరోగ్యం

గ్రానైట్‌ను కోసినపుడు, అరగదీసినపుడు స్ఫటిక సిలికా ధూళి వెలువడుతుంది. కంటికి కనిపించని సన్నని ఈ ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ వ్యాధిని కలిగిస్తుంది. ఈ వ్యాధికి పూర్తిగా నయం చేయగల చికిత్స లేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1997లో ఈ ధూళిని మానవులలో క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. భారతదేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను తప్పక తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది.

కృత్రిమ శిలలో సిలికా 90 శాతానికి పైగా ఉండవచ్చును. దానిని కోసే యువ కార్మికులలో సిలికోసిస్ బయటపడడంతో ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుండి కృత్రిమ శిల పలకల తయారీ, సరఫరా, వాడకాలను నిషేధించింది. సహజ గ్రానైట్‌లో సిలికా అంతకంటె తక్కువే అయినా ప్రమాదం లేకపోలేదు. కర్మాగారంలో రంపం మీద నీరు పారుతుంది కనుక ధూళి కొంత అణగుతుంది. కాని భవనం లోపల కొళాయి రంధ్రానికో, గోడ మూలకో పలకను చేతి మిషనుతో పొడిగా కోసినపుడు, మూసిన గదిలో ధూళి నిలిచిపోతుంది. పనివాడితో పాటు అక్కడే ఉన్న వడ్రంగి, రంగులు వేసేవారు కూడా దానిని పీలుస్తారు. ముఖానికి చుట్టుకొన్న తువాలు ఈ ధూళిని ఆపలేదు. కొలతలు ముందుగానే తీసి రంధ్రాలు, అంచులు కర్మాగారంలోనే చేయించడం, తప్పనిసరి అయినచోట నీటితో కోయడం, తగిన శ్వాస రక్షణ తొడుగు ధరించడం దీనికి నివారణ మార్గాలు.

ఉద్దానంలోని ఇతర సామగ్రి

ఉద్దానం కొబ్బరి, జీడి తోటలకు ప్రసిద్ధి. కొబ్బరి పీచుతో చేసే పట్టాలను భవనాల ప్రవేశం వద్ద పరుస్తారు. చెప్పులకు అంటిన ఇసుకను ఇవి ఆపుతాయి కనుక లోపలి రాతి నేల మెరుగు ఎక్కువకాలం నిలుస్తుంది. రబ్బరు పూసిన పీచును ఆసనాల మెత్తలకు వాడతారు. పలాస జీడి పరిశ్రమలో మిగిలే జీడిపిక్కల పెంకులో ఉండే నూనె వార్నిష్‌లు, రెసిన్‌ల తయారీకి ముడిసరుకు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను తీవ్రంగా దెబ్బతీసింది.

రవాణా

టెక్కలి 16వ నంబరు జాతీయ రహదారిపై ఉన్నది. ఎగుమతులకు విశాఖపట్నం ఓడరేవు ప్రధాన మార్గం. సంతబొమ్మాళి మండలంలోని మూలపేట వద్ద కొత్త ఓడరేవు నిర్మాణానికి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది.

ఇవి కూడా చూడండి

టెక్కలి
ఉద్దానం
పలాస
తూర్పు కనుమలు
సిలికోసిస్