షర్బత్: మూడు రోజుల గడువు నుంచి మన దస్తర్‌ఖాన్ దాకా

షరాబ్, షర్బత్ ఒకే తల్లి బిడ్డలు. అరబీలో ‘షరిబ’ అంటే తాగాడు అని. అందులోంచి వచ్చిన ‘షరాబ్’కు అసలు అర్థం తాగేది ఏదైనా సరే. అందుకే ఖుర్ఆన్‌లో సూరె నహ్ల్ తేనెను షరాబ్ అంటుంది. సూరె దహ్ర్ జన్నత్‌వాసులకు దొరికే పాక్ పానీయాన్ని కూడా షరాబ్ అనే అంటుంది. నషా ఎక్కించేదానికి అరబీలో వేరే పేరుంది, ఖమ్ర్. ఫార్సీ, ఉర్దూల్లోకి వచ్చాక షరాబ్ చెడ్డపేరు తెచ్చుకుంది. షర్బత్ మాత్రం ఇజ్జత్‌తో మన దావత్‌లలో నిలబడింది. ఇంగ్లీషువాళ్ళ సిరప్, షెర్బెట్, ఫ్రెంచివాళ్ళ సోర్బె కూడా ఈ ఖాందాన్‌లోవే.

ఈ ఎండాకాలం నికాహ్‌లలో, వలీమాలలో రంగురంగుల ‘మాక్‌టైల్స్’ చూసి చాలామంది నన్ను అడుగుతున్నారు, ఇవెక్కడివి, మనవి ఏవి అని. షర్బత్ తారీఖ్ తెలిస్తే జవాబు అందులోనే దొరుకుతుంది.

మొదటి ముష్కిల్ ఎండే. పండ్ల రసం తీసి పక్కన పెడితే వేడికి పులుస్తుంది. కాసేపు ఓపిక పడితే నురగ కడుతుంది, ఇంకా ఆగితే మత్తు పుడుతుంది. తాటి చెట్టు కింద పెరిగిన మనకు ఇది చెప్పక్కర్లేదు. లోపల సున్నం రాసిన కుండలో పట్టిన నీరా తియ్యగా ఉంటుంది. రోజూ కల్లు పట్టే కుండలో పడితే అదే నీరా గంటల్లో కల్లవుతుంది, ఎందుకంటే పాత కల్లు తాలూకు పులుపు ఆ కుండ గోడలకు పట్టి ఉంటుంది. చెట్టు అదే, రసం అదే. తేడా కుండది, సమయానిది.

మదీనాలోనూ ఇదే మసలా. ఖర్జూరాలో, ఎండు ద్రాక్షలో నీళ్ళలో నానబెట్టి ఆ తీపి నీళ్ళు తాగేవారు. దాన్ని నబీజ్ అంటారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కోసం పొద్దున నానబెట్టింది రాత్రికి, రాత్రి నానబెట్టింది పొద్దుటికి తాగేవారని హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) రివాయత్ చెబుతుంది. మూడో రోజు సాయంత్రం దాటి మిగిలితే పారబోసేవారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) రివాయత్. రెండూ సహీహ్ ముస్లింలో ఉన్నాయి.

పాత్రల సంగతి కూడా హదీసుల్లో వస్తుంది. అబ్దుల్ ఖైస్ కబీలావాళ్ళు వచ్చినప్పుడు హుజూర్ నాలుగు రకాల పాత్రల్లో నబీజ్ చేయొద్దన్నారు: సొరకాయ బుర్ర, మెరుగు పూసిన జాడీ, తొలిచిన ఖర్జూరపు మొద్దు, తారు పూసిన కుండ. తర్వాత ఏ పాత్రలోనైనా తాగండి, నషా వచ్చేది మాత్రం తాగకండి అని ఇజాజత్ ఇచ్చారు. మన కల్లుకుండ తెలిసినవాళ్ళకు ఆ పాత్రల మాట ఎందుకు వచ్చిందో ఊహించడం కష్టం కాదు.

మూడు రోజుల గడువు ఇంటికి సరిపోతుంది. మరి తోటల నిండా ద్రాక్ష పండే షామ్ దేశంలో? ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) అక్కడికి వెళ్ళినప్పుడు, ఆ నేల వాతావరణానికి తమ పానీయం లేకపోతే కుదరదని జనం మొరపెట్టుకున్న వాకయా ఇమామ్ మాలిక్ గారి మువత్తాలో ఉంది. వాళ్ళు రసాన్ని మూడింట రెండు వంతులు ఇగిరిపోయేదాకా కాచి తెచ్చారు. ఖలీఫా వేలు ముంచి ఎత్తితే అది తీగలా సాగింది. ఒంటెలకు పూసే తారులా ఉందని, తాగమన్నారు. హరామ్‌ను హలాల్ చేశారేమోనని పక్కనున్న సహాబీ అభ్యంతరం చెబితే, అల్లాహ్ హరామ్ చేసినదాన్ని నేను హలాల్ చేయనని అల్లాహ్‌తోనే విన్నవించుకున్నారు. ఫిఖ్‌హ్ కితాబుల్లో దీని మీద లోతైన బహస్ ఉంది, అది ఉలమాల పని. నాకు కనిపించేది ఒక హునర్: నీళ్ళు తగ్గి తీపి చిక్కబడితే రసం పులవదు.

ఆ తర్వాత చక్కెర వచ్చి పని సులువు చేసింది. ఇరాన్‌లోని ఖుజిస్తాన్ చెరకుకు మషహూర్. హకీమ్‌లు పండ్ల రసాన్ని చక్కెరతోనో తేనెతోనో పాకం పట్టి దవాగా నిలవచేశారు. సిర్కా, తేనె కలిపిన సికంజబీన్, దానిమ్మ షర్బత్ ముందు దవాఖానాలో పుట్టి, తర్వాత దస్తర్‌ఖాన్ మీదికి వచ్చినవే. పదో శతాబ్దంలో బగ్దాద్‌లో ఇబ్నె సయ్యార్ అల్ వర్రాఖ్ రాసిన వంటల కితాబులో పానీయాలకు కూడా చోటుంది.

హిందుస్తాన్‌కు వస్తే, ముహమ్మద్ బిన్ తుగ్లఖ్ కాలంలో ఢిల్లీ చూసిన ఇబ్నె బతూతా ఇక్కడి దావత్ తరీఖా రాశాడు. ఖానాకు ముందు మిస్రీ కలిపిన నీళ్ళు, అంటే షర్బత్, చివర్లో పాన్. బాబర్ ఈ దేశంలో మంచు లేదు, చల్లని నీళ్ళు లేవు, మంచి ఖర్బూజా లేదు అని వాపోయాడు. అదే బాబర్ 1527లో ఖాన్వా జంగ్‌కు ముందు షరాబ్‌కు తౌబా చేసి, వెండి బంగారు పాత్రలు పగలగొట్టించి గరీబులకు పంచాడు. మనవడు అక్బర్ కాలానికి చల్లని నీళ్ళ కొరత తీరింది. సురేకారం కలిపిన నీళ్ళలో సురాహీ తిప్పి చల్లబరిచేవారనీ, లాహోర్‌కు కొండల నుంచి మంచు తెప్పించేవారనీ ఆయీనె అక్బరీ చెబుతుంది.

1906లో ఢిల్లీలో హకీమ్ హాఫిజ్ అబ్దుల్ మజీద్ హమ్‌దర్ద్ దవాఖానా పెట్టారు. మరుసటి ఏడు రూహ్ అఫ్జా తెచ్చారు. అది కూడా మొదట ఎండదెబ్బకు హకీమ్ ఇచ్చిన నుస్ఖానే. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద దాని ఎర్ర రంగు చూడని ఇల్లు మనలో తక్కువ. మన తెలంగాణ పల్లెల్లో పీర్ల పండక్కి బెల్లం షర్బత్ హిందువులూ ముస్లింలూ కలిసి తాగుతారు. ఇటునుంచి అటు వెళ్ళినదీ ఉంది. మన చింతపండును అరబ్బులు ‘తమ్‌రె హిందీ’, హిందుస్తాన్ ఖర్జూరం, అన్నారు. ఈజిప్టులో, షామ్‌లో రంజాన్ వస్తే దాని షర్బత్ వీధుల్లో అమ్ముతారు. పులుసుకే తప్ప పనికిరాదనుకునే మన చింతపండుకు అక్కడ అంత ఖదర్!

కాబట్టి నా రాయ్ ఇది. మనకు ‘షరాబ్ లేని షరాబ్’ అక్కర్లేదు. మాక్‌టైల్ అనే పేరులోనే నకల్ ఉంది, అసలు మందు గ్లాసు ముందుండి ఇది దాని వెనక నిలబడినట్టు. షర్బత్ దేనికీ నకల్ కాదు. మన బుజుర్గులు వెయ్యేళ్ళకు పైగా హలాల్, హరామ్‌ల మధ్య సన్నని గీతను చూసుకుంటూ, జైకాను వదలకుండా, సొంతంగా కట్టుకున్న ఇల్లు అది.

దావత్ ఉంటే ముందురోజే పాకం చేసి పెట్టుకోండి. నల్ల ద్రాక్షో, ఫాల్సానో, దానిమ్మో ఉడికించి వడకట్టి, ఆ రసానికి రెట్టింపు బరువు చక్కెర వేసి, కరిగి చిక్కబడేదాకా కాచి, ఆరాక పొడి సీసాలో పోయండి. మెహమాన్‌లు వచ్చాక ఒక వంతు పాకానికి నాలుగు వంతుల చల్లని నీళ్ళు, కొంచెం నిమ్మరసం, నానిన సబ్జా. చక్కెర జబ్బు ఉన్నవారికి చక్కెర లేని నిమ్మనీళ్ళు వేరుగా పెట్టండి. పాకం పట్టని పచ్చి రసం అయితే ఆ పూటకే చాలు. నురగ కట్టి పుల్లటి వాసన వస్తే ఎంత ఖరీదైనదైనా పారబోయండి, అదే మదీనా తరీఖా.