అరకు కొండల భాషలలో క్రియారూపావళి: వ్యాకరణ రచనా చరిత్రలో ఒక ఘట్టము

ధాతువును పట్టికగా నేర్చుట మనకు క్రొత్త కాదు. సంస్కృత పాఠశాలలో చేరిన బాలుడు 'భవతి, భవతః, భవన్తి' అని వల్లించుటతోనే క్రియను మొదట ఎఱుగును. పాణిని కాలమును, వక్త యొక్క భావమును వేర్వేఱు వరుసలుగా విడదీయలేదు. లట్టు వర్తమానమును, లఙ్ భూతమును, లోట్టు ఆజ్ఞను చెప్పును; మూడును లకారములే. యూరపు వ్యాకరణముల త్రోవ వేఱు. అచ్చట కాలము ఒక వరుస. నిశ్చయము, సంభావన, ఆజ్ఞ అను భావభేదము మఱియొక వరుస. ఈ రెండు వరుసలు ఖండించుకొనిన చోట ఒక్కొక్క గది ఏర్పడును. స్పానిష్ భాష ఈ పద్ధతికి మంచి ఉదాహరణము. 'అబ్లార్' అనగా మాటలాడుట. 'అబ్లో' అన్న 'నేను మాటలాడుచున్నాను' అని అర్థము. నేను అను సర్వనామముతో పని లేదు, ప్రత్యయమే చెప్పును. ఇంతవఱకు తెలుగువానికి వింత లేదు. కాని అతడు మాటలాడవలెనని నేను కోరినపుడు, మాటలాడునో లేదోయని సంశయించినపుడు ఆ క్రియ నిశ్చయార్థపు గదిని విడిచి సంభావనార్థపు గదిలో ప్రవేశించును. మనము 'ఏమో' అను చిన్న మాటను తగిలించి ముగించు పనికి స్పానిష్ వారు ఒక పూర్తి రూపావళినే ఉంచుకొనిరి.

1492లో నెబ్రిహా తన కాస్తీలియా భాషకు వ్యాకరణము వ్రాసి ముద్రింపించినపుడు లాటిను మూసనే చేతబట్టెను. లాటిను స్పానిష్‌కు తల్లి గనుక ఆ మూస చాలవఱకు సరిపోయినది. చిక్కు తరువాత వచ్చినది. అదే మూసను తీసికొని స్పానిష్ మిషనరీలు అమెరికా ఖండమునకు పోయిరి. ఓల్మోస్ 1547లో నవాత్ భాషకును, దోమింగో దె సాంతో తోమాస్ 1560లో పెరూ దేశపు కెచువా భాషకును వ్యాకరణములు వ్రాసిరి. కెచువాలో 'మేము', 'మనము' అను భేదము క్రియలోనే కలదు. చేసినవాడెవడో, ఎవనికి చేసెనో రెండును ఒకే క్రియాపదములో ఇముడును. లాటిను పట్టికలో వీనికి గది లేదు. కెచువా వ్యాకర్తలు కడపటి రూపములకు 'ట్రాన్సిసియోన్' అని క్రొత్త పేరు పెట్టి వేఱు అధ్యాయము కల్పింపవలసి వచ్చినది. గదులు చాలనిచోట వ్యాకర్త ఏమి చేసెనో చూచినగాని అతని వ్యాకరణము విలువ తేలదని నా అభిప్రాయము. విశాఖ ఏజెన్సీ కొండల భాషలకు వ్యాకరణములు వ్రాసినవారిని ఈ దృష్టితోనే పరిశీలింపదలచినాను.

అరకు లోయ చుట్టునుగల కొండలలో మూడు భాషా కుటుంబములు కలిసి బ్రదుకుచున్నవి. కువి, కొండ లేక కూబి అనునవి ద్రావిడ భాషలు. గుతోబ్ ముండా కుటుంబమునకు చెందినది. ఉత్తరముగా పర్లాకిమిడి, సీతంపేట కొండలలోని సవరయు ఆ కుటుంబమునదే. సంతలో అందఱను కలుపునది ఆదివాసీ ఒడియా. పేర్లును తికమక పెట్టును. గదబలనబడు వారిలో కొందఱి భాష ముండా, కొందఱిది ద్రావిడము. తెగ పేరు చూచి భాషను నిర్ణయించువాడు ఇచ్చట మొదటి అడుగులోనే తొట్రుపడును.

ఈ కొండలు చిరకాలము పండితుల కంటబడకపోవుటకు పరిపాలన కొంత కారణము. 1839 చట్టముతో గంజాము, విశాఖపట్టణము కొండ ప్రాంతములు కలెక్టరు ఏజెంటుగా పాలించు ఏజెన్సీలయినవి. గ్రియర్సన్ నడపిన భారత భాషా పరిశీలనము మద్రాసు రాజధానిని తన పరిధిలో చేర్చుకొనలేదు. ముండా, ద్రావిడ భాషలకు కేటాయించిన నాల్గవ సంపుటము 1906లో వెలువడినను, అరకు కొండల భాషలను ఊరూర విని సేకరించు భాగ్యము దానికి లేకపోయెను. కాల్డ్వెల్ 1856 నాటి గ్రంథములో 'కు' అను పేర ఖోండుల భాష కనిపించును; కొండభాష కనిపింపదు. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడి కోరాపుట్ అందు చేరుటతో కువి, గుతోబ్ మాటలాడువారు రెండు రాష్ట్రములకు పంచబడిరి. ఆ తరువాత ఒక వైపు బిడ్డలకు ఒడియా పట్టికయు, ఒక వైపు బిడ్డలకు తెలుగు పట్టికయు దొరకినవి.

తొలినాటి వ్యాకరణములను త్వరగా స్మరించెదను. లింగం లక్ష్మాజీ రచించిన కుయి వ్యాకరణము రెండవ ముద్రణము 1902లో కలకత్తాలో వచ్చినది. సాలూరులోని జర్మను మిషనుకు చెందిన షుల్ట్జె 1911లో కువి వ్యాకరణమును, 1913లో పదసంపుటిని మద్రాసులో ప్రకటించెను. ఫిట్జిరాల్డు గ్రంథమును 1913 నాటిదే. విన్‌ఫీల్డ్ 1928లో కుయి వ్యాకరణము ప్రచురించెను. వీరిలో అధికులకు ప్రధానోద్దేశము మతబోధ. చేతిలోనున్నది యూరపు మూస. అయినను ఏండ్లకొలది ఆ జనుల నడుమ నివసించి విన్నవారగుటచే, మూసలో ఇమడని రూపములను పాఱవేయలేదు. ఆ నిజాయితీకి మనము ఋణపడియున్నాము.

గిడుగు రామమూర్తి గారి త్రోవ వేఱు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడయిన ఆయన, సవరయు తెలుగును తెలిసినవాని నోట విని ఆ భాష నేర్చెను. సొంత ఖర్చుతో సవర బాలురకు బడులు పెట్టించెను. 1931లో మద్రాసు ప్రభుత్వము ఆయన సవర వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రచురించినవి. సవర క్రియ ఎదుట తెలుగు వ్యాకరణమును, లాటిను వ్యాకరణమును రెండును మూగవోవును. కర్తకు గుర్తు క్రియలోనే. కర్మ 'నన్ను', 'నిన్ను' అయినపుడు దాని గుర్తును క్రియలోనే. నిషేధము ముందు చేరును, వెనుక కాదు. నామము సంక్షిప్తరూపము ధరించి క్రియలో కలిసిపోవుటచే, 'చేపలు పట్టు' అనునది విడి మాటల కూర్పుగా గాక ఒకే క్రియగా నడచును. కాలములు మాత్రము మూడు కావు, రెండే: గడచినది, గడవనిది. బాలవ్యాకరణమును కంఠస్థము చేసినవాడు ఇట్టి భాషకు వ్యాకరణము వ్రాయబూనినపుడు గ్రంథమును మూసి చెవి తెఱవక తప్పదు. వ్యావహారిక భాషోద్యమమున ఆయన చూపిన పట్టుదలకు ఇంగ్లీషు భాషాశాస్త్ర గ్రంథములే కారణమని చెప్పుట వాడుక. సవర క్రియను విని విని అలవడిన శ్రద్ధ అంతకు తక్కువ కారణము కాదని నాకు తోచును.

ఇక కొండభాష. దీనిని ఆధునిక పద్ధతిలో వర్ణించినవారు భద్రిరాజు కృష్ణమూర్తి గారు. వాల్తేరులో తెలుగు అధ్యాపకుడుగా నున్న ఆయన అరకు ప్రాంతపు కొండభాషను పరిశోధించి, 1969లో హైదరాబాదునుండి 'కొండ లేక కూబి' అను గ్రంథమును వెలువరించిరి. 1961 నాటి 'తెలుగు ధాతువులు' గ్రంథముతో దీనిని జోడించి చదువుట మేలు. తెలుగు క్రియ చరిత్రకు అరకు కొండలలో సాక్ష్యమున్నదని అపుడు గ్రహింపవచ్చును.

స్పానిష్ పట్టికకు 'అబ్లార్' వలె ఇచ్చట 'చేయు' ధాతువును మాదిరిగా గ్రహింతము. కొండలో దీని రూపము 'కి'. తెలుగు 'చేయు', కొండ 'కి' ఒకే మూలమునుండి వచ్చినవి. తాలవ్యాచ్చు ముందు కకారము చకారమగుట తెలుగున జరిగినది, కొండలో జరుగలేదు. భూతకాలమున 'కితన్' అన్న 'వాడు చేసెను', 'కితర్' అన్న 'వారు చేసిరి'. ఉత్తమపురుష బహువచనమునకు వచ్చుసరికి రెండు రూపములు: 'కితప్' అనగా 'మేము చేసితిమి', 'కితట్' అనగా 'మనము చేసితిమి'. తెలుగులో మేము, మనము అను భేదము సర్వనామములలోనే నిలిచి క్రియలో సమసిపోయినది. 'చేసితిమి' అని మాత్రమే విన్నవానికి, ఎదుటివానిని కలుపుకొంటిమో వెలిపెట్టితిమో తెలియదు. కొండలో క్రియ ఒక్కటే చాలును.

మధ్యమపురుషను దాటి ప్రథమపురుషకు వత్తము. తెలుగున ఏకవచనమందు స్త్రీ, తిర్యగ్జడములు ఒకే క్రియారూపమును పొందును: 'ఆమె వచ్చినది', 'ఆవు వచ్చినది'. బహువచనమున స్త్రీలు పురుషులతో చేరుదురు: 'ఆడువారు వచ్చిరి', 'ఆవులు వచ్చినవి'. అనగా తెలుగు పట్టిక ఏకవచనమున ఒక నియమమును, బహువచనమున మఱియొక నియమమును పాటించును. కొండ, కువి, కుయి భాషలలో రెండు వచనములందును నియమమొక్కటే. స్త్రీలు బహువచనమునను అమహత్తుతోనే నిలుతురు. ఇందు అవమానమేమియు లేదు, అది వ్యాకరణము. తెలుగు ఏకవచనములో 'ఆమె వచ్చినది' అనుటయు అవమానము కాదు గదా!

వ్యతిరేకమును చూడుడు. తెలుగున 'చేయను, చేయవు, చేయడు' అను రూపములకు పురుషభేదము కలదు, కాలభేదము లేదు. ప్రాచీన కావ్యభాషలో ఈ వ్యతిరేకము మూడు కాలములకును చెల్లినది. నేటి వాడుకలో భూత వ్యతిరేకమునకు 'చేయలేదు' వచ్చినది గాని అది పురుషభేదమును పోగొట్టుకొన్నది: నేను చేయలేదు, నీవు చేయలేదు, వారు చేయలేదు. కొండభాష ఈ చిక్కును వేఱు విధమున తీర్చుకొన్నది. ధాతువుపై నిషేధ చిహ్నము, దానిపై భూతకాల చిహ్నము, ఆపై పురుష ప్రత్యయము వరుసగా నిలుచును. 'చేయలేదు' అనుటకు ఎవరికి వారికి వేఱు రూపము. కువి, కుయిలును ఈ త్రోవనే నడచినవి. చేసిన పనికి కర్త ఉన్నట్లే చేయని పనికిని ఒక కర్త ఉండునని ఈ భాషలు క్రియలోనే గుర్తుంచుకొన్నవి.

కాలవిభాగమును తెలుగు విద్యార్థి ఆలోచింపదగినదే. కొండలోను ప్రధాన భేదము గతము, గతేతరము. 'రోజూ వస్తాడు', 'రేపు వస్తాడు' అను మన వాడుకయు ఇట్టిదే. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున వర్తమాన, భూత, భవిష్యత్తులతోబాటు తద్ధర్మార్థకమును వేఱుగా చెప్పవలసి వచ్చినది. సంస్కృతపు త్రికాలములలో తెలుగు క్రియ పూర్తిగా ఒదుగలేదనుటకు ఆ నాల్గవ పేరే నిదర్శనము.

కొండభాష దాచిపెట్టినది క్రియ ఒక్కటే కాదు. వాచకములలో అరుదైపోయిన మన శకటరేఫము అచ్చట సాధురేఫమునకు భిన్నముగా నేటికిని పలుకబడుచున్నది. 'వాడు' అనుటకు కొండలో 'వాన్ఱు'. ఇట్టి 'న్ఱు' అంతమందుగల రూపములు తొలినాటి తెలుగు శాసనములలో కలవు.

కుయి, పెంగో, మండా భాషలలో కర్మ లేక సంప్రదానము 'నాకు, నీకు' అయినపుడు ధాతువునకు వేఱు చిహ్నము చేరును. మలయాళమున 'తరుక' అనునది నాకో నీకో ఇచ్చుట. 'కొడుక్కుక' మూడవవానికి ఇచ్చుట. ఎమెనో 1945లో ద్రావిడ భాషలలోని వచ్చు, ఇచ్చు క్రియలపై వ్రాసిన వ్యాసమున ఇట్టి భేదము ప్రాచీనమని చూపెను. పెరూ కొండలలో స్పానిష్ మిషనరీలు ఎదుర్కొన్న సమస్యకు ఇది సమీపబంధువు. భాషల నడుమ మాత్రము బంధుత్వము లేదు.

పరిశోధక విద్యార్థులకు ఒక హెచ్చరిక. పట్టిక చేతబట్టి 'చేసియుందునా అనుటకు మీరేమందురు?' అని తెలుగున అడిగినచో, రెండు భాషలెఱిగిన వక్త మర్యాదకొఱకై ఏదో ఒక రూపము కట్టి చెప్పును. గది నిండును; భాషలో ఆ రూపము ఉండకపోవచ్చును. కథలు, తగవులు, సంత మాటలు వ్రాసికొని వానినుండి పట్టికను కట్టుట కష్టము గాని నమ్మదగినది. కువికి ఇజ్రాయెల్ 1979లోను, కోనెకోర్ గదబకు పేరి భాస్కరరావు 1980లోను వర్ణనలు ప్రకటించిరి. గుతోబ్ మీద తెలుగులో చేయవలసిన పని మిక్కిలి కలదు.

ఈ పని పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. కొండదొరలలో అధికసంఖ్యాకులు ఇప్పటికే తెలుగునకు మాఱిరి. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియా, బంజారా అను ఎనిమిది భాషలలో ప్రాథమిక విద్యా ప్రయోగము నారంభించి, తెలుగు లిపిలో వాచకములు సిద్ధము చేయించినది. తెలుగు లిపిలో కొండ క్రియను వ్రాయుటకు శకటరేఫమును మరల ఒజ్జబంతిలోనికి తేవలెను. అంతకంటె కష్టమైనది అయ్యవారి చెవిని సిద్ధపఱచుట. కువి ఇంటినుండి వచ్చిన పిల్ల తెలుగు నేర్చుకొనుచు 'మా అక్కలు వచ్చినవి' అన్నచో, తెలుగు మాత్రమే ఎఱిగిన అయ్యవారు దానిని మర్యాదలేమిగా భావించుట సహజము. ఆ పిల్ల తన భాషలోని బహువచన నియమమును తు. చ. తప్పక పాటించినది. ఉపాధ్యాయ శిక్షణలో కువి, కొండ క్రియారూపావళులు ఒక్క పుటలోనైనను తెలుగు పట్టిక ప్రక్కన ముద్రింపబడినచో, దిద్దవలసినది ఏ గదిలోని ప్రత్యయమో ఆయనకు కనబడును.