కాలి ఉచ్చు: తెలుగునాట నక్కల వేట చరిత్ర

జంతువు నడిచే దారిలో దాచి ఉంచి, అడుగు పడగానే కాలిని బిగించి పట్టే సాధనం కాలి ఉచ్చు. ఉత్తర అమెరికాలో కోయెట్‌ను పట్టడానికి దీన్ని ఉక్కుతో చేస్తారు. కోయెట్ మన దేశపు జంతువు కాదు. దానికి దగ్గరి చుట్టమైన నక్క మాత్రం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో పొలం గట్ల మీద, చెరువుల వెంట, ఊరి పొలిమేర పొదల్లో తిరుగుతుంది. ఇక్కడి వేటగాళ్ళు నక్కనూ ఇతర మెకాలనూ వల, ఉరి, బోను, దీమం (ఎరగా వదిలే మచ్చిక జంతువు) వంటి వాటితో పట్టేవారు.

పూర్వ చరిత్ర

కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో సంస్కృతంలో కూర్చిన మానసోల్లాసం వేటను రాజవినోదాల్లో ఒకటిగా వివరించింది. 16వ శతాబ్దపు తెలుగు ప్రబంధాల్లో వేట వర్ణన తప్పనిసరి అంశం. అల్లసాని పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట, ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలో తిన్నడి వేట ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. రాజులకు వేట విలాసమైతే, అడవి అంచున బతికే కులాలకు అది కూడు పెట్టే పని. పద్ధతుల్లోని నేర్పంతా ఈ రెండో వర్గానిదే.

వేట కులాలు, వారి పద్ధతులు

ఎడ్గర్ థర్స్టన్, కె. రంగాచారి 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం కురువిక్కారన్ల గురించి వివరంగా చెబుతుంది. తెలుగు ప్రాంతాల్లో వీరిని నక్కలవాళ్ళు, గువ్వలవాళ్ళు అన్నారు. వీరి ఇంటి భాష వాగ్రి బోలీ. రాత్రివేళ మాటున కూర్చుని నక్కలా కూసి, ఆ కూత విని దగ్గరికి వచ్చిన నక్కను పట్టడంలో వీరు సిద్ధహస్తులు. మచ్చిక చేసిన ఎద్దు చాటున నడుస్తూ వేటను సమీపించడం వీరి మరో పద్ధతి. నక్క తల మీద ఉంటుందని చెప్పే నక్కకొమ్ము దగ్గరుంటే కలిసివస్తుందనే నమ్మకం వల్ల దాని పేరుతో నకిలీ వస్తువుల అమ్మకం కూడా సాగింది.

సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో ప్రచురించిన నిజాం రాజ్య కులాల గ్రంథంలో పారధులనే మరో వేట కులం ప్రస్తావన ఉంది. ఉక్కు ఉచ్చుకు మన వైపు అతి దగ్గరి పోలిక వీరి ఉరిత్రాడే. పొడవాటి తాడుకు దూరం దూరంగా ఉరులు కట్టి, దాన్ని మేకులతో నేలకు బిగించి, జింకలు నడిచే దారికి అడ్డంగా పరిచేవారు. మందను అటు తోలితే ఉరిలో కాలు పడేది. మచ్చిక చేసిన కృష్ణజింకను దీమంగా వదిలి అడవి జింకలను రప్పించడం కూడా ఉండేది. యానాదులు ఎలుక కలుగులోకి కుండతో పొగ ఊది ఎలుకలను పట్టేవారు. నల్లమల చెంచుల వేట ప్రధానంగా విల్లంబులతో సాగింది.

ఈ పద్ధతులన్నిటిలోనూ వేటగాడు అక్కడే ఉంటాడు. ఏ జంతువు చిక్కిందో వెంటనే చూస్తాడు. అక్కర్లేనిదైతే వదిలేసే వీలు అతని చేతిలోనే ఉంటుంది.

ఉక్కు ఉచ్చు

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన స్యూయల్ న్యూహౌస్ 1820లలో ఉక్కు ఉచ్చులు చేయడం మొదలుపెట్టాడు. తర్వాత ఆయన చేరిన ఒనైడా అనే మతసమాజం వాటిని పెద్దఎత్తున తయారుచేసింది. రెండు దవడలు, వాటిని మూసే స్ప్రింగు, నడుమ అడుగు పడే చిన్న పళ్ళెం ఇందులోని భాగాలు.

కోయెట్ అతి జాగ్రత్త గల జంతువు కాబట్టి ఉచ్చును నేలలో కుదర్చడమే అసలు విద్య. ఉచ్చు పట్టేంత లోతున గుంట తవ్వి, అంచుల చుట్టూ మన్ను గట్టిగా దట్టించి, ఏ వైపు ఒత్తినా కదలకుండా చేస్తారు. పాదం కింద ఏదైనా కదిలినట్టు అనిపిస్తే కోయెట్ వెనక్కి తగ్గుతుంది, లేదా అక్కడి మట్టిని గీకి ఉచ్చును బయటపెడుతుంది. పళ్ళెం కిందికి మన్ను చేరకుండా చూసి, పైన జల్లించిన పొడిమట్టి పలచగా పరుస్తారు. మంచు కురిసే చోట మట్టి గడ్డకట్టకుండా మైనం కలుపుతారు. ఎర ఉంచిన కన్నం ముందు, జంతువు కాలు మోపే చోట ఉచ్చు ఉండేలా కొలుచుకుంటారు.

ఉచ్చును పాతినవాడు వెళ్ళిపోతాడు. జంతువు గంటల తరబడి నొప్పితో పెనుగులాడుతుంది. కాలు పెట్టింది ఏ ప్రాణి అన్నది ఉచ్చుకు తెలియదు. ఈ కారణాలతో దీనిపై ప్రపంచవ్యాప్తంగా వ్యతిరేకత పెరిగింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1958 నుంచి పళ్ళ దవడల ఉచ్చులు నిషిద్ధం. ఐరోపా సమాఖ్య 1991లో చేసిన నిబంధనతో 1995 నుంచి కాలి ఉచ్చుల వాడకాన్ని ఆపింది. అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో నియమాలకు లోబడి ఇవి నేటికీ చెల్లుతున్నాయి.

బహుమతుల కాలం, చట్టం

బ్రిటిష్ ప్రభుత్వం క్రూరమృగాలను చంపినవారికి బహుమతులు ఇచ్చేది. చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా ప్రకారం 1875 నుంచి 1925 వరకు 80,000కు పైగా పులులు, 1,50,000కు పైగా చిరుతలు, 2,00,000 తోడేళ్ళు హతమయ్యాయి. స్వతంత్ర భారతం 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం తెచ్చింది. చంపడంతో పాటు పట్టడం, ఉరి వేయడం, ఉచ్చు పెట్టడం కూడా ఆ చట్టంలో వేట కిందికే వస్తాయి. 1991 సవరణ నిషేధాన్ని మరింత బిగించింది. నక్కకూ ఈ చట్టం రక్షణ ఉంది.

జంతువులకు ఇది మేలు. వేట మీదే బతికిన కులాలకు మాత్రం బతుకుదెరువు పోయింది, ప్రత్యామ్నాయం చాలినంత అందలేదు. నక్కల, కురువిక్కారన్‌లను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చింది 2002 నాటి సవరణ చట్టమే. తమిళనాడులో ఇదే సముదాయానికి 2023 వరకు ఆ గుర్తింపు రాలేదు.

ప్రస్తుత స్థితి

నేడు తెలుగు రాష్ట్రాల అడవుల్లో పెద్ద ముప్పు మోటార్‌సైకిల్ క్లచ్ తీగతో చేసే ఉచ్చు, పొలాల చుట్టూ లాగే కరెంటు తీగ. అడవిపందికని పెట్టిన వాటిలో పులులు, చిరుతలు, పశువులు, చివరికి మనుషులూ బలవుతున్నారు. పాత ఉరికి కావలి ఉండేది, ఈ తీగలకు అది లేదు.

చట్టబద్ధంగా మిగిలిన ప్రధాన పట్టు సాధనం అటవీశాఖ బోను. 2023లో తిరుమల నడకదారిలో చిరుత బాలికను చంపిన తర్వాత పలు చిరుతలను బోన్లలోనే పట్టారు. 2024 ఏప్రిల్ చివర శంషాబాద్ విమానాశ్రయ ఆవరణలోకి వచ్చిన చిరుత మే 3న మేకను ఎరగా పెట్టిన బోనులో చిక్కింది. హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో పరీక్షించాక దాన్ని అమ్రాబాద్ అడవిలో వదిలారు. అదే అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెంచులు అటవీ కాపలాదారులుగా పనిచేస్తున్నారు. జాడ చూసి జంతువు దారిని పసిగట్టే తరాల నాటి నేర్పు అక్కడ పులుల రక్షణకు ఉపయోగపడుతోంది. ఆ నేర్పు గల ఇతర కులాలకూ ఇలాంటి కొలువులు దక్కడం న్యాయం. అడవికి అవసరం కూడా.